పట్టు విడిచిన నేల

ఆ ఇనుప దిమ్మ బరువు యాభై టన్నులు. బెవర హైమవతి దాన్ని ఒక్క చూపుడు వేలితో తోసింది.

మొదట ఏమీ జరగలేదు. విజయనగరం ఊరి చివర మూతబడిన గోనెసంచుల మిల్లుకి చెందిన పాత గోదాము అది. లోపల నేలంతా బూడిదరంగు పలకలు పరిచి, చుట్టూ నడవడానికి చెక్క వంతెన కట్టారు. నేల మీద మనిషెత్తును మించిన దిమ్మ. దానికి ఆరు వైపులా అవే బూడిదరంగు పలకలు తొడిగారు. వంతెన మీద నిలబడి హైమవతి వేలు ఆనించి తోస్తూ ఉంది. పక్కనే ఆమె చెల్లెలు సునంద చేతులు కట్టుకుని చూస్తోంది.

"అప్పా, అది కదలట్లేదే," అంది అక్కతో.

"తొందరపడకే. బరువైనది వెంటనే కదలదు. వేలు తియ్యకుండా తోస్తూ ఉంటే చాలు."

సునంద మునిసిపల్ స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతుంది. కదులుతున్న వస్తువుని ఎవరూ ఆపకపోతే అది అదే వేగంతో, అదే దారిలో కదులుతూనే ఉంటుందని ఏటా పాఠం చెబుతుంది. ఏటా ఎవరో ఒకరు లేచి, "మరి మా బంతి ఆగిపోతాది కదా టీచర్?" అని అడుగుతారు. ఘర్షణ వల్ల అంటుంది ఆమె. పిల్లలు తలూపి కూర్చుంటారు. వాళ్ళు నమ్మలేదని ఆమెకి తెలుస్తూనే ఉంటుంది. ఘర్షణే లేని చోటు ఆమె మాత్రం ఎక్కడ చూసింది?

అక్క వేలికీ దిమ్మకీ మధ్య ఏదో మారింది. సునంద కళ్ళు చిట్లించింది. దిమ్మ అంచు పలకల మధ్య గీతని దాటింది. కాసేపటికి ఇంకో గీతని దాటింది. చప్పుడు లేదు, అదురు లేదు. ఇంటంత ఇనుము చీమ నడకలా బయల్దేరింది.

హైమవతి వేలు తీసేసింది. దిమ్మ ఆగలేదు.

"ఇంక నేను తోయట్లేదు. చూసేవా?" అంది.

దిమ్మ నేల అవతలి చివరికి చేరింది. అక్కడ బిగించిన రబ్బరు దిండుని మెత్తగా తాకి, వెనక్కి తిరిగి, వాళ్ళ వైపు రావడం మొదలుపెట్టింది. సునందకి తెలియకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ నల్లబల్ల మీద రాసిన వాక్యం నడిచి వస్తున్నట్టు అనిపించింది.

హైమవతి రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి గుచ్చి చూపించింది. "ఎంత నున్నటిదైనా దగ్గర్నుంచి చూస్తే కొండలూ లోయలే. రెండు వస్తువులు ఆనుకుంటే వాటి కొండలు ఇలా ఇరుక్కుంటాయి. అదే పట్టు, అదే ఘర్షణ. ఈ పలకల్లో కరెంటు పారితే ఏ కొండనీ ఇరుక్కోనివ్వవు." వేళ్ళు విడదీసింది. "అంతే. మిగతాదంతా దీన్ని సాధించడానికి పడ్డ పాట్లు."

మీటల గదిలోంచి ఇంజనీరు ఆబోతు గౌరీశ్వరరావు బయటికొచ్చాడు. మనిషి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. హైమవతి అప్పటికే వంతెన అంచున మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీదికి వంగుతోంది.

"తొడుగులు వేసుకోండి మేడమ్," అన్నాడతను.

"ఇన్నేళ్ళు చేసి, దీన్ని తాకకుండా ఇంటికెలా వెళ్తానండీ?"

రెండు అరచేతులూ నేలకి ఆనించింది. నూనె జిడ్డులా లేదు, నీటి చలవలా లేదు. కింద నేల ఉందని బరువు చెబుతోంది గానీ, చర్మానికి మాత్రం ఏమీ తగలడం లేదు. చేతులు అటూ ఇటూ కదిలిస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో సునంద ఇచ్చిన కాఫీ గ్లాసు హైమవతి చేతిలోంచి జారి పడింది. అలసటనుకున్నారు. ఇంకో గ్లాసు ఇస్తే అదీ పడింది. హైమవతి లేచి తలుపు గడియ తియ్యబోయింది. వేళ్ళు గడియ మీదుగా గాలిలోకి వచ్చేశాయి. మళ్ళీ ప్రయత్నించింది. పెన్ను తీసుకుంది, నిలవలేదు. చివరికి రెండు చేతులూ దీపం కిందికి తెచ్చి చూసుకుంది. వేలిముద్రల గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఉన్నా, దేన్నీ పట్టుకోవడం లేదు.

"ఏటైందప్పా?"

"నేల నేర్చుకున్నది నా చేతులూ నేర్చుకున్నాయే," అంది హైమవతి మెల్లగా. ఆ క్షణాన ఆమెకి భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. కరెంటు లేదు, పలక లేదు. అయినా చర్మం అదే పని చేస్తోంది.

డాక్టరు చర్మంలో ఏ జబ్బూ లేదన్నాడు. పాత చర్మం రాలి కొత్తది వస్తుంది కదా, చూద్దామన్నాడు. కొత్తది వచ్చింది. అదీ అంతే.

హైమవతికి పెళ్ళి కాలేదు. చెల్లెలి కుటుంబంతోనే ఉంటుంది. సునంద భర్త రైలు గార్డు కావడంతో సగం రోజులు బయటే. వాళ్ళ పాప మిన్ను ఇంకా బడి మొహం చూడలేదు. దొడ్డమ్మ చేతుల్లోంచి ప్రతీదీ జారిపోవడం దానికి పెద్ద ఆట అయిపోయింది. "దొడ్డమ్మ చేతులు చేపలు!" అని తన బొమ్మలన్నీ తెచ్చి ఆ చేతుల్లో పెట్టి, జారినప్పుడల్లా కిలకిలా నవ్వేది.

హైమవతి కొత్తగా బతకడం నేర్చుకుంది. పక్కల నుంచి నొక్కి పట్టుకోవడం ఇక కుదరదు. కింద నుంచి మోయడం కుదురుతుంది, వేలు కొక్కెంలా వంచి తగిలించుకోవడం కుదురుతుంది, నేరుగా తోయడం కుదురుతుంది. చెవి ఉన్న కప్పుకి వేలు తగిలించి కాఫీ తాగేది. రబ్బరు తొడుగులు మణికట్టు దగ్గర గట్టిగా కట్టుకుంటే కాయితంలాంటి తేలికవి నిలిచేవి, బరువైనవి తొడుగుతో సహా జారేవి. అన్నం మాత్రం సునంద కలిపి పెట్టేది. మొదటి రోజు హైమవతి తల దించుకుంది.

"దించకు. నోరు తెరు," అంది సునంద. "మిన్నుకి పెట్టట్లేదా?"

"అది ఎదుగుతాదే."

సునంద ఇంకో ముద్ద కలిపింది.

పగలు గోదాములో పని సాగుతూనే ఉంది. దిమ్మ ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువసేపు తిరిగింది. ఈ పనికి డబ్బు పెట్టిన పై సంస్థ వాళ్ళు పొంగిపోయారు. ఇలాంటి పలకల మీద రైలు నడిస్తే ఒక్కసారి తోసి వదిలేస్తే చాలు, ఇంజనే అక్కర్లేదని లెక్కలు కట్టారు. హైమవతి తన చేతుల సంగతి వాళ్ళకి చెప్పింది. ఇకమీదట అందరూ తొడుగులు వేసుకోవాలని వాళ్ళు ఉత్తర్వు పంపారు.

*

ఒక ఆదివారం ఉదయం మిన్నుని తీసుకుని హైమవతి మూడు లాంతర్ల కూడలి దగ్గరికి బయల్దేరింది. పాపకి రిబ్బన్లు కొనాలి. చెయ్యి పట్టుకోవడం కుదరదు గనక, తన చూపుడు వేలు వంచి, పాప వేళ్ళని అందులో తగిలించుకోమంది. అలా కొంత దూరం బాగానే నడిచారు.

రోడ్డు దాటుతున్నారు. అవతల బుడగలు అమ్మేవాడు కనిపించాడు. మిన్ను ముందుకి ఒక్క ఉరుకు ఉరికింది. హైమవతి చెయ్యి మూసింది. ఏ మనిషైనా అదే చేస్తుంది. ఆ చిన్న మణికట్టు ఆమె గుప్పిట్లోంచి నీటిలా వెళ్ళిపోయింది.

"మిన్నూ!"

ఆటో కీచుమంది. ఆటో ముందు చక్రం పాపకి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు కిందికి దూకి తిట్టడం మొదలుపెట్టాడు. "పిల్లని అలగ వదిలీస్తారేటమ్మా! చెయ్యి పట్టుకోవాలని తెలీదేటి?"

హైమవతి పాపని రెండు మోచేతుల మధ్య ఇరికించి గుండెకి హత్తుకుంది. ఆమె రోడ్డుకేసి చూస్తోంది. ఆటో టైరు తారు మీద నల్లటి గీత గీసింది. ఇంకా కాలిన రబ్బరు వాసన వస్తోంది. టైరులోని కొండలు రోడ్డు కొండల్లో ఇరుక్కున్నాయి. చిరిగాయి, వేడెక్కాయి, కానీ వదలలేదు. ఆ గీత పొడవునా ఈ లోకం పాప కోసం పళ్ళు బిగించి పట్టుకుంది.

ఆమె చుట్టూ చూసింది. కొబ్బరికాయల గుట్ట జారకుండా నిలబడి ఉంది. తట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి నడిచిపోతోంది. గోడలో మేకు, మేకుకి తాడు, తాడుకి ముడి. బట్టలో దారం పక్క దారాన్ని పట్టుకుని ఉంది. ఏ క్షణమూ వదలని పట్టు, ఊరంతా, ఎవరూ అడగకుండానే. తన జీవితంలో సగం దీన్ని లేకుండా చేయడానికే ఖర్చుపెట్టిందామె. అది ఎంత గొప్పదో ఆ రోడ్డు మధ్యలో తొలిసారి చూసింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. సునంద మొహం తెల్లబోయింది. పాపని తీసుకుని లోపలికెళ్ళి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"నన్ను తిట్టవే," అంది హైమవతి.

"తిట్టాలనే లోపలికెళ్ళేను. నోరు రాలేదు," అంది సునంద. "ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ఆ నేలని పగలగొట్టించేస్తాను. ఈ గుణం నా చేతులకి అంటింది. రేపు రైలు పట్టాలకి, టైర్లకి, రోడ్లకి అంటదని నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు దాన్ని ఊరి మీదికి వదల్లేను."

*

పై సంస్థ వాళ్ళు ఒప్పుకోలేదు. హైమవతి వాళ్ళ ముందు నిలబడి, టేబుల్ మీది గాజు పేపర్‌వెయిట్ తీసుకునే ప్రయత్నం చేసి చూపించింది. మళ్ళీ మళ్ళీ చేసింది. చివరికి పెద్దాయన మొహం తిప్పుకుని, సరే, మూసేయండన్నాడు.

నేల విప్పే రోజు పొద్దున్నే గౌరీశ్వరరావు కరెంటు పూర్తిగా తీసేశాడు. దక్షిణం వైపు, వంతెన విప్పేసిన చోట, తీగలు పీకడానికి నేల పక్కనున్న లోతైన కాలువ మూతలు ఎత్తేశారు. నేల మధ్యలో బిగించిన కొలత పరికరం విప్పాలి. హైమవతి చేతులతో స్పానర్ తిరగదు. అందుకే సునంద సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరూ పాదాలకి గుడ్డ తొడుగులు కట్టుకుని, ముందు అంచున అడుగువేసి చూశారు. నేల పట్టుకుంది. మధ్యకి నడిచి, పరికరానికి చెరో పక్కా మోకాళ్ళ మీద కూర్చున్నారు. సునంద ఉత్తరం వైపు, హైమవతి దక్షిణం వైపు.

వాళ్ళకి దూరంగా, పడమటి సగంలో దిమ్మ ఉంది. గౌరీశ్వరరావు దానికి ఇనుప తాడు తగిలించి, యంత్రంతో పడమటి చివరికి లాగుతున్నాడు. అది కరకరమని రుద్దుకుంటూ వాళ్ళ నుంచి దూరంగా పోతోంది. భయపడాల్సిందేమీ లేదు.

సునంద చివరి మర విప్పింది. అప్పుడే కరకర ఆగిపోయింది.

హైమవతి తలెత్తింది. ఆ నిశ్శబ్దం ఆమెకి తెలుసు. ఆ రాపిడికే నేల మేలుకుంది. కరెంటు లేకుండానే, ఆమె చేతుల్లాగే.

బిగిసిన తాడు లాగిన ఊపుకి దిమ్మ ముందుకి దూసుకుపోయి, పడమటి రబ్బరు దిండుని గుద్దింది. తాడు సడలింది. కొక్కెం ఊడిపడింది. దిమ్మ వెనక్కి తిరిగింది. మనిషి నింపాదిగా నడిచే వేగంతో, నిటారుగా, వాళ్ళ వైపు బయల్దేరింది.

సునంద లేవబోయింది. మోకాలు ఒక పక్కకి పోయింది.

"చేతులు కింద పెట్టకు!" హైమవతి అరిచింది. "నేలని ముట్టుకోకు! చేతులు పైకెత్తు!"

సునంద చేతులెత్తి, మోకాళ్ళ మీద తూలి, ఎలాగో నిలదొక్కుకుంది. చీర మోకాళ్ళ కింద అలాగే ఉంది గానీ, దేన్నీ ఆనుకున్నట్టు లేదు. స్పానర్ ఎటో జారిపోయింది. గౌరీశ్వరరావు యంత్రం వదిలేసి ఉత్తరం వంతెన మీదికి పరుగెత్తి చెయ్యి చాపాడు. ఆ చేతికీ వాళ్ళకీ మధ్య చాలా నేల ఉంది.

"అది గుద్దదు," అంది హైమవతి వేగంగా. "తోసుకుపోయి తూర్పు గోడకేసి నొక్కేస్తాది. పక్కకి పోవాలి."

"ఎలాగ పోతాను? కాలు ఆనట్లేదు! అప్పా, నా చెయ్యి పట్టుకో!"

సునంద అక్క చేతుల్ని గట్టిగా పట్టుకుంది. అవి జారిపోయాయి. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారిపోయాయి. దిమ్మ నీడ నేల మీద వాళ్ళకన్నా ముందుగా వచ్చింది.

"పట్టుకోకు," అంది హైమవతి. "తొయ్యి."

"ఏటి?"

"ఇక్కడ నేల మనల్ని తోయదు. నువ్వు నన్ను తొయ్యాలి, నేను నిన్ను తొయ్యాలి. నువ్వు ఉత్తరానికి పోతావు, నేను దక్షిణానికి పోతాను."

సునందకి అర్థమైంది. ఆమె రోజూ చెప్పే పాఠమే. అర్థమైన వెంటనే అక్క భుజం మీదుగా చూసింది. "అటు కాలువ తెరిచి ఉందప్పా."

"ఉంది."

"మెల్లగా తోస్తాను. అంచు దగ్గరే..."

"మెల్లగా తోస్తే ఇద్దరం దీని కిందే ఉంటాం. ఇక్కడ ఆగడమంటూ లేదే. గట్టిగా తొయ్యి. నీకన్నా బరువున్నాను కదా, నేను నెమ్మదిగానే పోతాను." ఆ మాటకి నవ్వబోయింది. "అరచేతికి ఎదురుగా అరచెయ్యి పెట్టు. సూటిగా. కొంచెం వాలినా జారిపోతాది."

సునంద చేతులు చాపింది. మొదటిసారి ఆనించినప్పుడు కుడిచెయ్యి పక్కకి జారిపోయింది. ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచి, మళ్ళీ పెట్టింది. నాలుగు అరచేతులు. అక్క చేతుల్లో వెచ్చదనం ఉంది, బరువుంది, పట్టు లేదు. ఆ క్షణాన పట్టుతో పనీ లేదు.

"ఇప్పుడు," అంది హైమవతి.

ఇద్దరూ ఉన్న బలమంతా పెట్టి తోసుకున్నారు.

సునంద వెనక్కి ఎగిరినట్టే పోయింది. వంతెన ఆమె వీపుకి తగిలింది. గౌరీశ్వరరావు జబ్బలు పట్టి పైకి లాగాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

హైమవతి వెళ్తోంది. అంత వేగంగా కాదు. దిమ్మ వస్తోంది. దాని మూల ఆమె పాదాన్ని రాసుకుంటూ దాటిపోయింది. ఆమె మొహాన గాలి కూడా కదల్లేదు. ఎవరూ లాగడం లేదు, ఎవరూ ఆపడం లేదు. ఎప్పుడో ముగిసిపోయిన ఒక తోపు ఆమెని ఇంకా తీసుకుపోతూనే ఉంది. చెల్లెలి చేతుల బలం చెల్లెలు లేకుండానే తనతో వస్తోంది. హైమవతికి ఆ కాస్త దూరంలో భయం కలగలేదు. కాగితం మీద ఏళ్ళ తరబడి గీసిన సరళరేఖ ఇప్పుడు తనే అయింది. అది ఎంత నిటారుగా ఉంటుందో, ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఏ సమీకరణమూ ఆమెకి చెప్పలేదు.

అప్పుడు అంచు వచ్చింది. ఆమె చేతులు చాపి కాలువ గట్టు పట్టుకుంది. ఇంకెవరి చేతులైనా అక్కడ నిలిచేవి.

"అప్పా!"

కింద ఎముక విరిగిన చప్పుడు గోదామంతా వినిపించింది.

*

తొడ ఎముకలో కడ్డీ వేశారు. మంచం మీద రోజులు గడిచాయి. గౌరీశ్వరరావు చూడటానికొచ్చాడు. పలకలన్నీ పగలగొట్టి, పారలతో కింద నుంచి ఎత్తి, లోతుగా గొయ్యి తీసి కప్పెట్టించానని చెప్పాడు.

"దిమ్మ మర్నాడు కూడా ఆగలేదండి మేడమ్. కంటికి ఆగినట్టే ఉండేది. సుద్దముక్కతో గీత గీసి, టీ తాగొచ్చి చూస్తే గీత దాటి ఉండేది. నాకైతే దండం పెట్టాలనిపించిందండి."

"మళ్ళీ చెయ్యాలని ఉందేటి?" అంది హైమవతి.

"ఉందండి," అన్నాడు నిజాయితీగా. "కానీ చెయ్యను."

"నాకూ అంతే," అందామె.

ఆమె చేతులు బాగుపడలేదు. సునంద రోజూ బడి నుంచి నేరుగా ఆసుపత్రికొచ్చి అన్నం పెట్టేది. తోసింది నేనే కదా అని ఒకసారి ఏడ్చింది. "నేనూ తోసేను కదే. నీకెంత తగిలిందో నాకూ అంతే తగిలింది," అని హైమవతి ముంజేత్తో ఆమె తల దగ్గరికి తీసుకుంది. ముంజేతులకి పట్టు ఉంది.

నడవొచ్చని డాక్టరు చెప్పిన ఉదయం ఊతకర్రలు తెచ్చారు. వాటిని పట్టుకోవడం ఆమెకి కుదరదని నర్సుకి ఎవరూ చెప్పలేదు. సునంద ఊతకర్రలు పక్కన పెట్టేసి, అక్క చంకలో భుజం దూర్చి లేపింది. ఉత్త పాదాలు గచ్చు మీద ఆనాయి.

హైమవతి కదల్లేదు.

"నొప్పేటి?"

"ఉండు."

కుడి పాదంతో నేలని వెనక్కి నొక్కింది, చాలా మెల్లగా. నేల జారలేదు. ఆమె ఎంత తోసిందో అంతే బలంతో, సరిగ్గా అంతే, అది ఆమెని ముందుకి తోసింది. శరీరం కదిలింది. ఎడమ పాదం ఒక అడుగు ముందు ఆనింది, ఆగింది.

హైమవతి కిందికి చూస్తోంది. ఫినాయిల్ వాసన వేసే మామూలు ఆసుపత్రి గచ్చు. అక్కడక్కడా పగుళ్ళు. పుట్టినప్పటి నుంచి ఇదే తనని ముందుకి తోస్తూ, ఆపాలనుకున్న చోట ఆపుతూ వచ్చింది. ప్రతి అడుగుకీ. కళ్ళ నుంచి నీళ్ళు జారి గచ్చు మీద పడ్డాయి.

"కూర్చుంటావా అప్పా?" అంది సునంద కంగారుగా.

హైమవతి అప్పటికే రెండో అడుగు వేస్తోంది.